సోలో బటన్ నీ చెవికే, అత్తమ్మ చెవికి కాదు

ఈ ఉత్తరం దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి వచ్చింది. రాసిన తమ్ముడికి 26 ఏళ్లు. ఇంట్లో పత్తి పోసే గదినే రికార్డింగ్ గదిగా చేసుకున్నాడు. గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, కింద బండలు. ఎనిమిది చానళ్ల యూఎస్‌బీ మిక్సర్, ఒక కండెన్సర్ మైకు, రెండు పవర్డ్ స్పీకర్లు, కంప్యూటర్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. బతుకమ్మకు నాలుగు పాటలు రికార్డు చేయాలనుకున్నాడు. పాడేది వాళ్ల మేనత్త, నాయినకు అక్క. వాడకట్టులో బతుకమ్మ ఆడేటప్పుడు మొదట పాట ఎత్తుకునేది ఆమే. కాగితం చూడకుండా రాత్రంతా పాడగలదు.

మూడు వారాల కింద రెండో పాట మధ్యలో గొంతు సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని అతను ఆమె చానల్ మీది పీఎఫ్‌ఎల్ బటన్ (ఆ ఒక్క చానల్‌నే విడిగా వినిపించే సోలో బటన్) నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆమె చప్పట్లు కొట్టింది. హెడ్‌ఫోన్‌లో చప్పుడు ఒక్కసారి పేలినట్టు వచ్చింది. "నా చెవు పాయె బిడ్డా" అని హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నాయిన కూడా సరిగ్గా మాట్లాడటం లేదు. "ముందు మా అక్క దగ్గరికి పో, ఆ డబ్బా సంగతి తర్వాత" అంటున్నాడట. ఇవిగాక ఇంకో మూడు బాధలు రాశాడు. ఆమె గొంతు ట్రాకులో వెనకాల డప్పు వినిపిస్తోంది. గదిలో బాగున్న మిక్స్ ఫోన్‌లో వింటే పల్చగా ఉంటోంది. రాత్రి పడుకుంటే తన చెవుల్లో సన్నగా హోరు. మిక్సర్ ఫొటో కూడా పంపాడు. "అన్నా, తప్పు నాదా మిక్సర్‌దా? మిక్సర్ మార్చమంటావా?" అని అడిగాడు.

తమ్ముడూ, మిక్సర్ మార్చకు. దాంట్లో ఏ లోపమూ లేదు. నీ ఫొటోను పెద్దది చేసి ఒక్కొక్క నాబు చూశాను. ఆ రోజు ఏం జరిగిందో అందులోనే ఉంది. అయితే ముందు చెవుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావాటికి టైముంది, దీనికి లేదు.

ఇవాళే అత్తమ్మ దగ్గరికి వెళ్లి అడుగు. ఒక చెవి దిబ్బడేసినట్టుందా, ఫోన్ ఆ చెవికి పెడితే మాటలు మసకగా వస్తున్నాయా, గుయ్‌మని శబ్దం ఆగకుండా ఉందా అని. వీటిలో ఒక్కదానికి అవునన్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. వినికిడి కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేస్తారు. పెద్ద చప్పుడు తర్వాత వినికిడి తగ్గితే మొదటి రెండు మూడు రోజుల్లో చూపించుకోవాలి. ఇప్పటికే మూడు వారాలైంది కాబట్టి ఇంకో వారం చూద్దామని ఆగొద్దు. ఏమీ లేదని తేలితే మంచిదే, ఆమెకూ నీకూ గుండె నిమ్మళమవుతుంది. నీ హోరు సంగతి కూడా అదే డాక్టరుకు చెప్పు. హోరు వచ్చిన మర్నాడే మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుంటున్నానని రాశావు. అది మానెయ్యి.

క్షమాపణ విషయంలో మీ నాయిన మాటే నా మాట. ఆమె ముందు బటన్ల గురించి, డెసిబెల్స్ గురించి చెప్పకు. "నేను చూసుకోలేదు అత్తమ్మా, నీకు నొప్పయింది" అను, చాలు. పాట ఊసు ఆ రోజు ఎత్తకు.

ఇక మిక్సర్ దగ్గరికి వద్దాం.

నీ ఫొటోలో అత్తమ్మ గొంతు చానల్ ఫేడర్, అంటే లెవెల్ పెంచి తగ్గించే మీట, మైనస్ ఇరవై డీబీ (డెసిబెల్స్) దగ్గరుంది. అంటే మిక్స్‌లో ఆమె గొంతు నీకు తగ్గి వినిపిస్తోంది. ఇప్పుడు పీఎఫ్‌ఎల్ నొక్కితే ఏమవుతుంది? మీ వైపు సాగర్ కాల్వ తూములు చూసే ఉంటావు. తూము తలుపు ఎంత దించినా, తలుపుకు ఇవతల కాల్వలో నీళ్లు నిండుగానే ఉంటాయి. ఫేడర్ ఆ తలుపు. పీఎఫ్‌ఎల్ తలుపుకు ఇవతలి నీళ్లు చూపిస్తుంది. ఫేడర్ ఎంత కిందికున్నా దానికి సంబంధం లేదు. కాబట్టి నువ్వు నొక్కిన క్షణంలో ఆమె గొంతు ఇరవై డీబీ పైకి లేచింది. పది డీబీ పెరిగితే మన చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది, ఇరవై అంటే నాలుగింతలు. దాని మీద చప్పట్లు. మైకుకు అడుగు దూరంలో కొట్టిన చప్పట్ల దెబ్బ గొంతు కన్నా ఎంతో పైకి పోతుంది.

అయినా అంత నొప్పి ఎందుకు పుట్టిందంటే, ఇంకో నాబు ఉంది. ఫోన్స్, కంట్రోల్ రూమ్ అని రెండు పేర్లు రాసి ఉన్న ఒకే నాబు. చాలా చిన్న మిక్సర్లలో ఇంతే, హెడ్‌ఫోన్‌కూ స్పీకర్లకూ కలిపి ఒక్కటే. నీది గడియారంలో మూడు గంటల దగ్గరుంది. ఎందుకంత తిప్పాల్సి వచ్చిందో ఉత్తరంలో నువ్వే రాశావు, "స్పీకర్ల చప్పుడు తక్కువగా ఉంది" అని. స్పీకర్ల వెనక వాల్యూమ్ నాబు ఉంటుంది, చూడు. అది బాగా తగ్గించి ఉండి ఉంటుంది. స్పీకరు గట్టిగా రావాలని నువ్వు మిక్సర్ నాబు తిప్పావు, దాంతోపాటే అత్తమ్మ హెడ్‌ఫోన్ కూడా గట్టిదైంది. ఆమె హెడ్‌ఫోన్ కూడా అదే జాక్‌లో, రెండు పిన్నుల స్ప్లిట్టర్ పెట్టి తగిలించావు. అంటే నువ్వు ఏది వింటే ఆమె అదే వినాలి. నువ్వు ఏ సోలో నొక్కినా అది ఆమె చెవిలోకీ పోతుంది. అసలు తప్పు ఇక్కడుంది.

రికార్డు అయ్యే లెవెల్, నువ్వు వినే లెవెల్, పాడేవాళ్లు వినే లెవెల్ మూడూ వేరువేరు. నీ బల్ల మీద ఈ మూడూ ఒక్క ముడి పడ్డాయి. మహబూబ్‌నగర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయన పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని వచ్చాడు. స్పీకర్లు ఆన్‌లో ఉండగానే నేను ఆయన మైకు సోలో నొక్కాను. మైకు చప్పుడు స్పీకర్‌లోకి, స్పీకర్ చప్పుడు మైకులోకి తిరిగి కీచుమని గది అదిరిపోయింది. ఆయన చేతిలో కిన్నెర జారి మోకాలికి తగిలింది. కిన్నెరకు ఏమీ కాలేదు కానీ, ఆ పూట ఆయన చెయ్యి మళ్లీ మెట్ల మీద నిలకడగా నిలవలేదు. ఆ ముడి విప్పడం నేను అప్పుడు నేర్చుకున్నాను.

విప్పడానికి నీకు మూడు దారులున్నాయి.

పైసా ఖర్చు లేనిది మొదట. మిక్సర్ ఫోన్స్ నాబు పూర్తిగా కిందికి దించి, స్పీకర్ల వెనక నాబు సగందాకా పెంచు. తర్వాత ఫోన్స్ నాబు మెల్లగా పెంచుకుంటూ రా. పది, పదకొండు గంటల దగ్గరే స్పీకర్లు చాలినంత పలకాలి. పలకకపోతే వెనక నాబు ఇంకొంచెం పెంచు. ఇక ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక పీఎఫ్‌ఎల్ ముట్టుకోవద్దు. కావాలంటే ఆ బటన్ల వరుస మీద టేపు అంటించు. గెయిన్ (మైకు చప్పుడును మిక్సర్ ఎంత పెంచి తీసుకోవాలన్నది) సరిచూడటమంతా ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకోకముందే అయిపోవాలి. ఇందులో ఇబ్బంది ఏంటంటే, పాట మధ్యలో ఏదైనా గరగర వచ్చినా నువ్వు విడిగా విని చూడలేవు. పాట ఆపాలి, లేదా తర్వాత కంప్యూటర్‌లో వినాలి.

రెండోది ఆక్స్ దారి. ఆక్స్ అంటే మిక్సర్ నుంచి ఇంకో మిక్స్‌ను విడిగా బయటికి పంపే దారి. దీనికి ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కొనాలి. నాలుగు హెడ్‌ఫోన్లు పట్టే చిన్న పెట్టె, నల్లగొండలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నీ మిక్సర్‌లో ఆక్స్ నాబు పక్కన ప్రీ, పోస్ట్ అని చిన్న బటన్ ఉంది. ప్రీ వైపు, అంటే ఫేడర్‌కు ముందు తీసుకునేలా పెట్టు. ఆక్స్ సెండ్ జాక్ నుంచి తీగ ఆ పెట్టెలోకి, పెట్టె నుంచి అత్తమ్మ హెడ్‌ఫోన్‌కు. ఇప్పుడు ఆమె చెవికి వెళ్లేది ఆక్స్ మిక్స్. నువ్వు పీఎఫ్‌ఎల్ నొక్కినా, ఫోన్స్ నాబు తిప్పినా, ఫేడర్ జరిపినా ఆమెకు తేడా తెలియదు. పెట్టె ఖర్చు దండగని ఆక్స్ జాక్‌లోనే నేరుగా హెడ్‌ఫోన్ గుచ్చొద్దు. అది లైన్ సిగ్నల్, హెడ్‌ఫోన్‌ను నడపలేదు. పల్చగా వస్తుంది, నువ్వు మళ్లీ నాబులన్నీ చివరిదాకా తిప్పుతావు, కథ మొదటికొస్తుంది.

డప్పు గొంతు ట్రాకులోకి వస్తోందన్న బాధ కూడా ఈ దారిలోనే తీరుతుంది. అదెలాగో చెప్పేముందు ఒక పరీక్ష చెయ్యి. గొంతు ఫేడర్ పూర్తిగా దించి, కంప్యూటర్‌లో డప్పు ట్రాకు నడిపిస్తూ ఒక నిమిషం రికార్డు చెయ్యి. రికార్డులో డప్పు లేకపోతే, హెడ్‌ఫోన్ నుంచి కారిన చప్పుడే మైకులో పడుతోందన్నమాట. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ వాడి, లెవెల్ తగ్గిస్తే సరిపోతుంది. రికార్డులో డప్పు అలాగే ఉంటే మైకుకు సంబంధం లేదు, మిక్సర్ లోపలే తిరుగుతోంది. నీ ఫొటో చూస్తే రెండోదే అనుకుంటున్నాను. ఏడు, ఎనిమిది చానల్ యూఎస్‌బీ వైపుంది, దాని ఫేడర్ పైకుంది. కంప్యూటర్ నుంచి వచ్చిన డప్పు ఆ చానల్‌లోంచి మెయిన్‌లోకి (అన్ని చానళ్లూ కలిసే చోటికి) పోతోంది. మెయిన్‌లో ఉన్నదంతా యూఎస్‌బీ ద్వారా మళ్లీ కంప్యూటర్‌కు పోయి గొంతుతో కలిసి రికార్డవుతోంది. ఆ ఫేడర్ కిందిదాకా దించెయ్యి. దాని ఆక్స్ నాబు మాత్రం పెంచు. ప్రీ వైపుంది కాబట్టి ఫేడర్ కిందికున్నా డప్పు అత్తమ్మ చెవికి చేరుతుంది, రికార్డులోకి పోదు. అక్కడ మ్యూట్ మాత్రం నొక్కకు. చాలా మిక్సర్లలో మ్యూట్ నొక్కితే ఆక్స్‌కు కూడా ఆగిపోతుంది. పాట నడిచేటప్పుడు నువ్వు కూడా ఆ పెట్టెకే ఇంకో హెడ్‌ఫోన్ తగిలించి విను, స్పీకర్లు ఆపేసి. రీపర్‌లో గొంతు ట్రాకు మీద ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపెయ్యి. లేకపోతే కంప్యూటర్ చుట్టూ తిరిగి ఆలస్యంగా వచ్చిన గొంతు, నేరుగా వచ్చిన గొంతుతో కలిసి గొట్టంలో పాడినట్టుంటుంది. ఈ దారిలో ఖర్చుంది, తీగలు పెరుగుతాయి, మొదటి రోజు ఏ నాబు దేనికో తికమక పడతావు. కానీ రేపు కోరస్‌కు నలుగురు ఆడవాళ్లొచ్చినా ఇదే పనికొస్తుంది.

మూడో దారి నాకు ఇష్టమైనది, నీ అత్తమ్మ లాంటి వాళ్ల కోసం. హెడ్‌ఫోనే వద్దు. బతుకమ్మ పాటకు వాద్యం చప్పట్లే. ఆమె ఇన్నేళ్లుగా డప్పు ట్రాకు వింటూ పాడలేదు. చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్ల మీద పాడింది. ఆమెను అలాగే పాడనివ్వు. గది మధ్యలో మైకు, పక్కన ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ట్రాకు లేదు, తాళం చెప్పే క్లిక్కు లేదు, చెవిలో ఏమీ లేదు. తర్వాత ఆమె పాట విని డప్పు కొట్టేవాళ్లు దానికి కొడతారు. ఇందులో కష్టం కూడా ఉంది. పాట వేగం మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా ఉంటుంది, కాబట్టి కంప్యూటర్‌లో చేసిన లూప్ అతకదు. మనిషి కూర్చుని కొట్టాలి, ఆ మనిషికి ఓపిక ఉండాలి. శ్రుతి కూడా ఆమె ఎత్తుకున్నదే శ్రుతి. కీబోర్డు కలపాలనుకుంటే దాన్ని ఆమె శ్రుతికి దగ్గరగా జరుపుకోవాలి. అయినా గొంతులో వచ్చే ధీమా వేరేగా ఉంటుంది. నీ ఉత్తరంతో పంపిన ముక్కలో మొదటి చరణం విన్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడిన ఆ చరణంలో ఆమె ప్రతి మాట చివర కొంచెం ఆగి వింటోంది. పాడుతూ ట్రాకు కోసం చూస్తోంది.

ఏ దారి పట్టినా గెయిన్ సరిచేయడానికి మాత్రం పీఎఫ్‌ఎల్ వాడు. దాని అసలు పని అదే. ఆమెను పాటలో అన్నిటికన్నా ఎత్తైన చరణం పాడమను, చప్పట్లతో సహా. బటన్ నొక్కి, మిక్సర్ మీటర్‌లో గొంతు సున్నా చుట్టూ ఆడేలా గెయిన్ పెట్టు. చప్పట్లకు కూడా ఎర్ర లైటు వెలగకూడదు. కంప్యూటర్‌లో 24 బిట్ పెట్టుకుంటే గొంతు మైనస్ పద్ధెనిమిది దగ్గర ఆడినా ఏమీ నష్టం లేదు. చిన్న లెవెల్ తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన చప్పుడును బాగుచేయలేం.

ఇక ఫోన్‌లో పల్చగా వస్తోందన్నది. దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి, రెండూ నువ్వు వినే లెవెల్‌లోనే ఉన్నాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో, బెల్ ల్యాబ్స్‌లో, చప్పుడు తగ్గేకొద్దీ మన చెవికి అడుగు స్వరాలు (బేస్) ముందుగా తగ్గిపోతాయని కొలిచి చూపించారు. నువ్వు గట్టిగా పెట్టుకుని మిక్స్ చేస్తున్నావు. అంత గట్టిలో డప్పు అడుగు ఛాతీకి తగులుతుంది, చాలనుకుని వదిలేస్తావు. ఊళ్లో మనిషి ఫోన్‌లో చిన్నగా వింటే ఆ అడుగు లేదు. ఫోన్ స్పీకరు ఆ అడుగు స్వరాలను ఎలాగూ పలికించలేదు. ఫోన్‌లో డప్పు నిలబడేది పుల్ల తగిలే ఆ 'టక్' మీద. దాన్ని చూసుకో.

ఒక రోజు కూర్చుని వినే లెవెల్ ఖాయం చేసుకో. మైనస్ ఇరవై లెవెల్‌లో రికార్డు చేసిన పింక్ నాయిస్ (హోరులా వినిపించే పరీక్ష శబ్దం) ఫైలు తెచ్చుకో. ఫోన్‌లో శబ్దం కొలిచే ఆప్ వేసి, అందులో సీ వెయిటింగ్, స్లో అనే సెట్టింగులు పెట్టి, నువ్వు కూర్చునే చోట తల ఉండే ఎత్తులో పట్టుకో. ఒక్కొక్క స్పీకరు విడిగా పలికించి 74 డెసిబెల్స్ దగ్గరికి తీసుకురా. సినిమా మిక్సింగ్ థియేటర్లలో 85 పెడతారు, అది పెద్ద హాలుకు. నీ గదిలో అంత పెడితే గోడలు కూడా పాడతాయి. ఫోన్ ఆప్ రెండు మూడు డీబీ అటూ ఇటూ చూపించొచ్చు, దాని గురించి బెంగపడకు. రోజూ అదే లెవెల్‌లో వినడం ముఖ్యం. ఆ చోట మిక్సర్ నాబు పక్కన గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టు. గట్టిగా వినాలనిపించినప్పుడు ఒక పాట వరకు పెంచుకో, మళ్లీ చుక్కకు రా.

పోయిన సంక్రాంతికి చేసిన పాట బాగా వచ్చిందని, ఇప్పుడు అదే గదిలో ఎందుకు రావడం లేదో అర్థం కావడం లేదని రాశావు. అప్పుడు గదిలో సగం వరకు పత్తి ఉంది కదా! దూది గుట్ట కన్నా మంచిగా చప్పుడు పీల్చేది ఏముంటుంది. ఇప్పుడు పత్తి అమ్మేశారు, బండల నేల, సున్నం గోడలు మిగిలాయి. చప్పట్లు కొట్టి చూడు, టింగుమని తిరిగొస్తుంది. పత్తి ఉన్నప్పుడు పెట్టిన చుక్క పత్తి పోయాక చెల్లదు, మళ్లీ కొలవాలి. మళ్లీ పత్తి వచ్చేదాకా ఇంట్లో ఉన్న పరుపులు రెండు నీ వెనక గోడకు నిలబెట్టు, పక్కలకు బొంతలు వేలాడదియ్యి. మీ నాయినను బతిమాలి ఈసారి నాలుగు బోరాల పత్తి మూలల్లో ఉంచమను. ఇది నిజంగానే అడుగుతున్నాను, అడుగు స్వరాలు మూలల్లోనే పేరుకుంటాయి.

సోలో అలవాటు గురించి ఒక మాట. మిక్స్ చేసేటప్పుడు ఒక్కో ట్రాకు సోలోలో పెట్టి గంటలకొద్దీ దిద్దుతున్నానని రాశావు. ఒంటరిగా విన్నప్పుడు ఏ ట్రాకైనా లావుగా, నిండుగా ఉండాలనిపిస్తుంది. అన్నీ లావెక్కాక అత్తమ్మ గొంతుకు చోటుండదు. ఫ్యాను గురగుర, పెదవి చప్పుడు, కరెంటు హమ్ ఎక్కడుందో పట్టుకోవడానికి సోలో నొక్కు, దొరకగానే తీసెయ్యి. రీపర్ ఆప్షన్స్‌లో సోలో ఇన్ ఫ్రంట్ అని ఉంటుంది, అది పెట్టుకుంటే సోలో చేసిన ట్రాకు ముందుండి మిగతావి పూర్తిగా ఆగకుండా వెనకాల సన్నగా వినిపిస్తాయి. నీలాంటి చెయ్యికి అది మంచిది. కంప్యూటర్‌లోని సోలో ఫేడర్ ఎక్కడుందో అక్కడి లెవెల్‌లోనే పలుకుతుంది, మిక్సర్ పీఎఫ్‌ఎల్‌లా పైకి లేవదు.

నీ చెవులకు ఒక లెక్క. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు హద్దని చెప్పింది. ప్రతి 3 డీబీకి టైము సగమవుతుంది. 94లో గంట, 100లో పావుగంట. నువ్వు హెడ్‌ఫోన్‌తో రాత్రి పదకొండు నుంచి మూడు దాకా కూర్చుంటున్నానన్నావు, నాబు మూడు గంటల దగ్గర పెట్టుకుని. ఇంట్లో వాళ్లు నిద్రపోతారని హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మంచి మనసే. కానీ మిక్స్‌ను పగటిపూట స్పీకర్ల మీద చేసి, రాత్రి హెడ్‌ఫోన్‌ను కోతలు, శుభ్రం చేసే పనులకే వాడుకో. గంటకోసారి లేచి పది నిమిషాలు బయట తిరుగు.

అత్తమ్మ మళ్లీ వస్తుందా అంటే, ఆమె కోపం పాట మీద కాదు. నాలుగు రోజులు పోయాక ఆమె వాకిట్లోనే ఫోన్ పెట్టి ఒక పాట పాడించుకో, రికార్డింగ్ గదికి రమ్మని అనకుండా. ఆమే "గా గదిల పాడుదామా" అంటే అప్పుడు మూడో దారి మొదలుపెట్టు. అనకపోతే ఆ వాకిలి పాటనే వాడుకో. ఫోన్‌ను ఆమెకు మూరెడు దూరంలో, ఫ్యాను లేనిచోట పెట్టు, కోళ్ల చప్పుడు వచ్చినా రానీ.

ఒకవేళ తర్వాత ఎప్పుడైనా హెడ్‌ఫోన్ పెట్టాల్సి వస్తే, ముందు నువ్వు పెట్టుకుని చప్పట్లు కొట్టి విను. తర్వాత ఆక్స్ నాబు పూర్తిగా కిందికి దించి, హెడ్‌ఫోన్ ఆమె చేతికియ్యి. ఆమె పెట్టుకున్నాక మెల్లగా పెంచుకుంటూ, "చాలు" అని ఆమె అనేదాకా తిప్పు. ఆ చోట తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద "అత్తమ్మ" అని రాయి.